రత్నకేతుని రెండవ మరణము

శరత్కాల సాయంసమయమున కాకినాడ పట్టణము వర్షధారాక్షాళితసౌధపంక్తులతో పడమటి సంధ్యారాగమును మోమునిండ పులుముకొని సముద్రమునుండి వీచు లవణగంధశీతలానిలమునకు సేదదీరుచుండెను. రేవునుండి మరలివచ్చు కూలివారును కచేరీలు కట్టిపెట్టి యిండ్లకు జేరు గుమాస్తాలును కనకాంబరములమ్ము స్త్రీల కేకలును జట్కాబండ్ల గంటల సవ్వడియు గలసి రాజవీధి యెల్ల కలకలలాడుచుండ నా జనప్రవాహము సగమునకు బైగా నాటకశాలవైపునకే మరలుచుండెను. "రత్నకేతు విజయము" అను నూతన సంగీతనాటకము నాడు ప్రథమముగా ప్రదర్శింపబడనుండుటయే యందులకు గారణము.

ఆ నాటకమునకు సంగీతము గూర్చిన అయినంపూడి సుందరేశము ప్రక్కతెర చాటున వాద్యబృందము నడుమ హార్మోనియము ముందర గూర్చుండి ప్రాణములు పిడికిట బెట్టుకొని యుండెను. నడివయస్సు దాటినవాడును బహువాద్యప్రవీణుడును నయ్యు నాతడు పరీక్షకు బోవు విద్యార్థివలె మాటిమాటికి మంచినీళ్లు త్రాగుచుండెను.

బాల్యమున నిచ్చటి నాటకసమాజమునందే పద్యములకు శ్రుతి నందించుటతో నాతని విద్య ప్రారంభమయ్యెను. పిదప చెన్నపట్టణము జేరి చలనచిత్రములకు పాటలు కట్టెను. పాటలు లేని చోట్ల సైతము నాయిక మెట్లు దిగుచుండగా నామె గుండెదడను వయొలిన్లతో ప్రేక్షకులకు వినిపించుటలో దిట్ట యనిపించుకొనెను. రేడియోకు లలితగీతములు గూర్చెను. శనివారము వచ్చినదనిన కంఠమునకు బిగుతైన టై గట్టుకొని దొరల హోటలున పియానో ముందర గూర్చుండి జాజ్ అను నుల్లాసచపలమగు పాశ్చాత్యసంగీతమును వాయించి యింటికి వచ్చి చారన్నము దినెడివాడు. ఇంత చేసినను తమవాడని యాతనిని దగ్గరకు దీసినవారు లేరు. నాటకములవారు సినిమావాడనిరి. సినిమావారు నాటకములవాడనిరి. సంగీతసభల విద్వాంసు లేమియు ననక మొగము ద్రిప్పుకొనిరి. అన్నవారికంటె అననివారివలననే యాతని మనస్సు మిక్కిలి నొచ్చెను.

అందుచేత సుందరేశ మొక సంకల్పము చేసెను. తాను నేర్చిన సంగీతములన్నియు నొక్క కుటుంబమువే యని చూపునట్టి నాటకము గూర్పవలెను. తెర లేచినది మొదలు తెర పడువరకు చలనచిత్రమునందువలె సంగీత మొక్క క్షణమైన నాగక పద్యమునుండి పాటకును పాటనుండి వాద్యగోష్ఠికిని ఏకధారగా బ్రవహింపవలెను. చేతిలోని సినిమాలు మానుకొని హోటలు బృందమును రైలెక్కించి తన పుట్టినయూరికే కొనివచ్చెను. ఈ ధార నడుమ దెగెనా, సుందరేశ మెందునకు జెందనివాడను లోకులమాట నిజమగును. లోకులమాట యటుండనిండు, తానే దానిని నమ్మవలసివచ్చునని యాతని భయము.

ఆ భయమునకు మూల మొక్కటియే. మన నాటకప్రేక్షకుల కొక రాజహక్కు కలదు. పద్యము మనస్సునకు బట్టినచో వారు వన్స్ మోర్ అని కేకవేయుదురు. కేక పడిన నటుడు తా నే యవస్థయందున్నను ఆ పద్యమును మరల బాడితీరవలెను. శరాఘాతమున హతుడైన వీరుడు లేచి దుమ్ము దులుపుకొని పద్య మందుకొని మరల తీరికగా మరణించుట చూచువారి కెవ్వరికిని వింతగా దోపదు. రత్నకేతుమహారాజు వేషము ధరించు వేదాల అప్పలాచార్యులుగారు గోదావరి జిల్లాలయందు సంపాదించిన కీర్తియంతయు ఇట్లు చచ్చుటవలన సంపాదించినదే. ఆయన చచ్చుచు బాడినంత సొంపుగా బ్రతికియున్నవారు సైతము పాడజాలరని ప్రతీతి.

పూర్వము తన కన్నము పెట్టి హార్మోనియము చేతికిచ్చిన యా ఆచార్యులుగారి యింటికి సుందరేశము పండ్లు గొని పోయి చేతులు కట్టుకొని నిలిచి తన కోరిక విన్నవించెను.

"రాజు చచ్చిపోయాక లేవకూడదండి. ఎవరెన్ని కేకలేసినా సరే. మీరు కళ్లు మూయగానే వయొలిన్లు అందుకుంటాయండి, వాటిమీదే రాణి పాట వస్తుంది. మీరు లేచారంటే నా సంగీతమంతా కుప్పకూలిపోతుందండి."

ఆచార్యులుగారు పండ్లను బ్రక్కకు బెట్టి పలికిరి.

"ఇన్నేళ్లూ నేను చచ్చింది చావడానికి కాదురా సుందరం, లేవడానికి. అయినా నా చేతుల్లో పెరిగినవాడివి, అడిగావు. మాటిస్తున్నాను. లేవను."

తెర లేచెను. సుందరేశము వ్రేలు కదల్పగా సంగీతము బయలుదేరెను. రాజసభ పద్యములకు జనులు తలలూపిరి. అరణ్యవిహారఘట్టమున హోటలు బృందములోని గోవా దేశీయుడగు డిమెల్లో తన వంకరమెడ యిత్తడివాద్యమగు శాక్సఫోనును నోట గరచి యడవిగాలివలె నొక యీల వేయగనే ముందువరుసవారు ముక్కున వ్రేలు వేసికొనిరి. వెనుకవరుసవారు తొడలపై దాళము వేయసాగిరి. ఆ తాళము కొంత దప్పుచుండినను వేయువారి యుత్సాహము తప్పలేదు. సుందరేశమునకు గొండంత ధైర్యము వచ్చెను.

అంతట యుద్ధరంగమున రత్నకేతుడు కూలెను. సుందరేశ ముండిన ప్రక్కతెరకు జేరువనే నేలపై నొరగి, తన దేహమును భూమాతకు మరల నొప్పగించుచున్నానను పద్యమును ముఖారి రాగమున నాచార్యులుగారు వయోభారపరిపక్వమును గద్గదమధురమునగు కంఠమున నెంత యార్ద్రముగా బాడిరనగా కిళ్లీ నములువారు నమలుట మరచిరి. పద్యము ముగిసెను. రాజు కన్నులు మూసెను. వయొలిన్లందుకొనెను. మరుక్షణమున నాటకశాల పైకప్పు లేచిపోవునట్లు వన్స్ మోర్ అను కేక పుట్టెను.

రాజు లేవలేదు. కేక యినుమడించెను. రాజు కదలలేదు. ఎన్నడును ఎరుగని యీ వింతకు జనులు నివ్వెరపోయి క్రమముగా నిశ్శబ్దులైరి. ఆచార్యులుగారు కేక విని లేవకుండుట వారి యనుభవములో లేదు. లేవలేదనిన దాని కర్థ మొక్కటియే యుండవలెను. ముందువరుసలోని యొక ముదుసలి చీరచెంగు నోటి కడ్డము పెట్టుకొనెను.

"ఆచార్యులుగారు నిజంగానే పోయారే తల్లీ."

ఆ మాట నిప్పురవ్వయై శాలనంతయు నంటుకొనెను. కొందరు బెంచీలెక్కి చూచిరి. కొందరు కన్నీరు గార్చిరి. రాణి వేషధారిణి పాట యెత్తబోయి కంఠము పెగలక నిలువుగ్రుడ్లు వేసికొని నిలిచెను. ఒక డాక్టరుగారు చెప్పులు విడిచి రంగస్థలమునకు నమస్కరించి పైకెక్కుచుండిరి. ఇచ్చిన మాటకు గట్టువడిన యాచార్యులుగారు మాత్రము శవమునకు దగినట్లుండవలెనని యూపిరి సైతము బిగబట్టి పరిస్థితిని మరింత విషమింపజేయుచుండిరి.

సుందరేశము రంగస్థలమువైపు తొంగిచూచెను. రాజును లేపినచో ధార తెగును. లేపకున్నచో వినువాడే లేడు. వయొలిన్లు తడబడి యొకటొకటిగా వెనుదీయుచుండ డిమెల్లో యొక్కడు మాత్రము తొణకక ఆ శోకగీతపు చివరిముక్కనే మెల్లమెల్లగా త్రిప్పి త్రిప్పి వాయించుచు నడుమ నూపిరి దీసికొని సుందరేశము చెవిలో జెప్పెను.

"ఆగొద్దు సార్. హోటల్లో జనం పాట మళ్లీ కావాలంటే మనం ఏం చేస్తాం? పాడేవాడు వచ్చేదాకా ఇదే ముక్క తిప్పుతాం. ఇక్కడా తిప్పుదాం."

సుందరేశము తెల్లబోయెను. హోటలున శనివారము శనివారము తాను సంతోషముతో జేయుచుండిన పనియే యిది. మరల గావలెనని యడుగువారిని అచ్చట రసికులనుకొని మురిసి యిచ్చట శత్రువులనుకొని వెరచితినిగదా యని సిగ్గుపడెను. కన్నవారివంటి యూరివారి యాకలికి దలుపు వేసి విందు సిద్ధము చేసితినని తలంచుకొనగా దుఃఖము వచ్చెను, వెంటనే నవ్వును వచ్చెను. తడబడిన వయొలిన్లను జేసైగతో మరల గలిపి తెర యంచునకు మోకాళ్లపై బ్రాకి పోయెను.

"లేవండి ఆచార్యులుగారూ. ఆ మాట నేను వెనక్కి తీసుకుంటున్నానండి."

రాజు కన్ను విప్పకయే పెదవి కదల్చెను.

"నీ సంగీతం ఆగిపోతుందేమోరా."

"ఆగదండి. మీకోసమే కాచుకుని ఉంది."

రత్నకేతుడు లేచెను. అప్పుడు పుట్టిన హర్షధ్వానమునకు డాక్టరుగారు రంగస్థలముపైననే చతికిలబడిరి. ఆచార్యులుగారు కిరీటము సరిజేసికొని పద్యమెత్తిరి. పాద మొకటి ముగియగా శాక్సఫోను దానిని వినయముగా నందుకొని ముఖారి మర్యాద చెడకుండ నొక్క విరుపు విరిచి తిరిగి యిచ్చెను. ఆచార్యులుగారు కనుబొమ లెగురవేసిరి. రెండవ పాదమున నొక క్రొత్తసంగతి వేసి యిది పట్టుమనునట్లు డిమెల్లోవైపు జూచిరి. ఆతడు పట్టెను. పట్టి వడ్డితో మరలించెను. ఆపైన మృత్యుముఖమున నున్న మహారాజునకును నల్లకోటు ధరించిన గోవా దేశీయునకును జరిగిన యా స్వరసల్లాపమును సుందరేశము హార్మోనియము కడకు మరలివచ్చి నడుమ గూర్చుండి పెద్దమనిషివలె నడిపించెను. అందులో నేది నాటకమో యేది సినిమాయో యేది హోటలో వేరుజేసి చూపుట యాతనికే సాధ్యము గాకపోయెను.

అటుపిమ్మట రత్నకేతుడు రెండవమారు మరణించెను. నాటకశాల నిండ నిశ్శబ్దము. వయొలిన్లు లేచెను. రాణి కంఠము తేరుకొని వానిమీద దేలుచు వచ్చెను. ఆ పాట చివర డిమెల్లో యొంటరిగా నొక చిన్న స్వరము నూది విడిచెను. ఎవ్వరును కేక వేయలేదు, వేయ సాహసింపలేదు. అప్పుడు నేలపై బడియున్న శవమునుండి మెల్లగా నైనను ముందువరుసలవా రెల్లరకు వినబడునట్లు గాఢతృప్తితో గూడిన కంఠ మొకటి వెలువడెను.

"వన్స్ మోర్."

జీవితమంతయు నితరులు వేసిన కేకకు లేచిన యా వృద్ధుడు తానై వేసిన మొదటి కేక యది. ముందువరుస నవ్వెను, వెనుకవరుస యా కోరికను బలపరచెను. సుందరేశము కన్నులు తుడుచుకొని డిమెల్లోవైపు వ్రేలు కదల్పగా నాతడు మరల నూదెను. సుందరేశ మెవ్వరివాడని యా సాయంకాలము మొదలు కాకినాడలో నడిగినవారు లేరు. తన సంగీతమున నితరులకు జోటిచ్చినవానికి వారందరియందును జోటు దొరకును.