భయం తగ్గించమన్న ఫోటో

జెస్సికా పనిచేసే గదికి కిటికీ ఉంది కానీ దానికి ఎప్పుడూ నల్ల గుడ్డ కట్టి ఉంటుంది. బయటి వెలుతురు పడితే స్క్రీన్ మీద రంగులు మోసం చేస్తాయని, పటమటలో ఆ ఇంట్లోకి దిగిన కొత్తలో తనే కట్టుకుంది. గోడలకు బూడిద రంగు కూడా తనే వేయించుకుంది. పెళ్ళి ఆల్బమ్‌లు ఎడిట్ చేయడం ఆమె పని. పెళ్ళికూతురి నుదుటి మీద చెమట తుడవాలి, పందిట్లో విరిగిన కుర్చీలు మాయం చేయాలి, అలిగి కూర్చున్న మేనమామను కాస్త ప్రసన్నంగా చూపించాలి. మైలవరంలో నాన్న స్టూడియోలో ఇష్టపడి నేర్చుకున్న పని అది.

భర్త జాన్ పాల్ గన్నవరం దారిలో ఒక కార్ల షోరూమ్‌లో సర్వీసు విభాగం చూస్తాడు. వారమంతా ఊళ్ళోవాళ్ళ బండ్ల బాగోగులు చూసి, ఆదివారం తన బండి తీస్తాడు. నాలుగు చక్రాలూ లాగే పాత ఫోర్ బై ఫోర్ బండి కొని, ఎత్తు పెంచి, పెద్ద టైర్లు వేయించి, నీళ్ళలో దిగినా ఇంజనుకు గాలి ఆడేలా బానెట్ పక్క నుంచి గొట్టం పైకి లేపించాడు. ఆటోనగర్‌లో టైర్ల దుకాణం ఉన్న జయంత్ నడిపే క్లబ్బులో అందరూ ఇలాంటివాళ్ళే. తారు రోడ్డు మీద వాళ్ళకు తోచదు. కొండపల్లి వెనక గుట్టలు, కృష్ణ ఒడ్డు ఇసుక మేటలు, వాన పడిన మర్నాడు కాలవ గట్లు, ఎక్కడ చక్రం జారుతుందో అక్కడికే పోతారు.

సాయంత్రం తిరిగొచ్చి జాన్ కెమెరా కార్డులు ఆమె చేతిలో పెట్టేవాడు. ముందు వాటిని రెండు డ్రైవుల్లోకి ఎక్కించాలి. మసకవీ, ఒకేలా ఉన్నవీ ఏరి పక్కన పెట్టాలి. మిగిలినవాటికి రంగు సరిచేసి, ఒరిగిన నేలను సమంగా నిలిపి, తెల్లబోయిన ఆకాశానికి నీలం తెచ్చి, చివర క్లబ్బు ముద్ర వేసి పంపాలి. మొదట్లో అదంతా ముచ్చటగానే ఉండేది. మా ఆయన వెళ్ళిన చోటు కదా అని ఒక్కొక్క ఫోటో దగ్గరా ఆగి చూసేది. ఆమె చెయ్యి పడితే బురద కూడా అందంగా ఉంటుందని జయంత్ గ్రూపులో రాశాక, మెల్లగా క్లబ్బులో అందరి కార్డులూ ఆమె బల్ల మీదికే రాసాగాయి. డెల్టాలో ఏ గట్టు ఎలా ఉంటుందో, ఏ మలుపులో తుమ్మచెట్టు ఒరిగి ఉంటుందో ఆమెకు తెలుసు. ఒక్కదాన్నీ కంటితో చూడలేదు.

ఒకసారి నేనూ వస్తానని అడిగింది. జాన్ నవ్వాడు. వెటకారంగా కాదు, నిజంగానే అర్థం కాక. నువ్వొస్తే ఫోటోలు ఎవరు చేస్తారన్నాడు. ఆదివారం అత్తగారు మార్తమ్మతో కలిసి చర్చికి వెళ్ళి రావడం, భోజనం చేసి ఆ గదిలో కూర్చుని భర్త కోసం ఎదురుచూడడం అలవాటైపోయింది.

అలాంటిది, చలికాలం చివర ఒక ప్రయాణానికి జాన్ తనే రమ్మన్నాడు. నాగాయలంక దాటి సముద్రపు ఒడ్డు దాకా పెద్ద ప్రయాణం పెట్టుకున్నారు. జయంత్ సరుకు తెప్పించుకునే టైర్ల కంపెనీవాళ్ళు ప్రకటన కోసం ఫోటోలు అడిగారు, ఎప్పటికప్పుడు కావాలన్నారు. అందుకని దారిలోనే ఎడిట్ చేయాలి. ఆ రాత్రి జెస్సికా పాత పెట్టెలోంచి టోపీ తీసి, నీళ్ళలో నడిచే చెప్పులు తీసి, పెళ్ళికి ముందు జాన్‌తో బండి మీద తిరిగిన రోజుల్లోలాగా సర్దుకుంది.

తెల్లవారి బండి తలుపు తీసి చూస్తే, వెనక ఎడమ సీటు ముందు ల్యాప్‌టాప్ పెట్టుకునేందుకు చెక్క బిగించి ఉంది. స్క్రీన్ మీద ఎండ పడకుండా ఆ పక్క అద్దానికి నల్ల గుడ్డ కట్టాడు. ఎంత బాగా అమర్చానో చూడమన్నట్టు జాన్ ఆమె వంక చూశాడు. బాగుందని చెప్పి ఎక్కి కూర్చుంది. కుడి పక్కన గుడారాలు, పనిముట్ల ఇనుప పెట్టె, నీళ్ళ డబ్బాలు కప్పు దాకా పేర్చి ఉన్నాయి.

ఉయ్యూరు దగ్గర చెరకు ట్రాక్టర్లు అడ్డం వస్తే అందరూ దిగి ఫోటోలు తీసుకున్నారు. చక్కెర ఫ్యాక్టరీ వాసన మాత్రం ఆమె దాకా వచ్చింది. అవనిగడ్డ దాటాక కరకట్ట మీద ఆగారు. అప్పుడూ కార్డు ఒకటి లోపలికి వచ్చింది, ఇంకొకటి బయటికి వెళ్ళింది. గుడ్డ కొంచెం తొలగించి చూడబోతే జాన్ ముందు నుంచి, "దుమ్మొస్తది జెస్సీ, అద్దం దించకు" అన్నాడు. బయట పొలాలు ఎలా ఉన్నాయో ఆమె స్క్రీన్ మీదే చూసింది. ఎంత దూరం వచ్చినా పటమట గది తన వెంటే వస్తున్నట్టుంది.

నాగాయలంక దాటాక రోడ్డు సన్నబడి, రోడ్డు పోయి మట్టి బాట వచ్చి, చివరికి అదీ పోయి తెల్లగా ఉప్పు పొర కట్టిన నేల వచ్చింది. పక్కన గట్టు, గట్టుకు అవతల సముద్రపు పాయ. జయంత్ బండి ముందు పోయింది. దాని వెనకే జాన్ దింపాడు. పైకి ఎండిపోయినట్టున్న పొర కింద అంతా నల్లటి బంక మట్టి. ముందు బండి తేలిగ్గా దాటింది కానీ అది తొక్కిన చోటే జాన్ బండి ఎడమ చక్రాలు దిగబడ్డాయి. గేరు మార్చి గట్టిగా తొక్కేసరికి ఇంకా కూరుకుపోయి, బండి ఎడమ పక్కకు ఒరిగి ఆగిపోయింది. కుడి పక్క సామానంతా ఒక్కసారిగా జారి జెస్సికా మీద పడింది. ఇనుప పెట్టె ఆమె మోకాళ్ళ మీద ఆగింది. ఇంజను ఆగింది.

"రెండు నిమిషాలు జెస్సీ, కదలకు" అని, జాన్ పైకి లేచి ఉన్న తన కిటికీలోంచి మెడలో కెమెరాతో సహా బయటికి పాకాడు.

ఆమె అద్దానికి కట్టిన గుడ్డ లాగి పారేసింది. తలుపు సగం దాకా మట్టిలో ఉంది, తెరుచుకోదు. అద్దం దించే మీట నొక్కింది. కరెంటు పోయింది, దిగదు. పై సగంలోంచి గట్టు కనిపిస్తోంది. గట్టు మీద మనుషులు చేరుతున్నారు. జయంత్ తన బండి వెనక్కి తిప్పి, దాని ముందున్న ఇనుప తాడు విప్పించాడు. చక్రి అనే సభ్యుడు ఆ తాడు పట్టుకుని బురదలోకి దిగాడు. అవతల మూడు ఇంజన్లు మోగుతున్నాయి. జాన్ గట్టు మీద మోకాలి మీద కూర్చుని కెమెరా కంటికి పెట్టుకున్నాడు.

ఆమె చెయ్యి ఊపింది. పిలిచింది. జాన్ కెమెరా కొంచెం పక్కకు జరిపి మళ్ళీ సరిచేసుకున్నాడు. అప్పుడు ఆమెకు తెలిసింది, అతను తననే తీస్తున్నాడని. అరికాళ్ళకు చల్లగా తగిలింది. కిందికి చూస్తే సీటు కిందనుంచి నీళ్ళు. పాయలో పోటు మొదలైంది.

తాడు బిగించి లాగారు. బండి ఒక్క కుదుపు కుదిపి, ముందుకు రావడానికి బదులు ఇంకా లోతుకు దిగింది. మట్టి అద్దం పైకి పాకింది. గట్టు సగమే కనిపిస్తోంది, ఆ సగంలో జాన్ కెమెరా. ఆమె గొంతు పోయేదాకా అరిచి, ఇంక అరవడం మానేసింది. అరిచినంతసేపూ ఊపిరి వృథా అవుతోంది తప్ప ఆ గాజు ఇవతలికి ఎవరూ రావడం లేదు.

తర్వాత ఏం చేసిందో ఆమెకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. ఇనుప పెట్టెను రెండు చేతులతో అంగుళం అంగుళం తోసింది. మోకాలు చీరుకుపోయింది. గుడారపు సంచులు వెనక్కి నెట్టింది. నీళ్ళు సీటు మీదికి వచ్చాయి. పైకి ఎగబాకడానికి కాలికి ఆసరా కావాలి. చెక్క మీద ల్యాప్‌టాప్ ఉంది. దాన్ని తీసి పక్కన పెట్టడానికి చోటు లేదు. దాని మీదే కాలు వేసి, స్క్రీన్ పగిలిన చప్పుడు విని, ముందు సీటు పట్టుకుని లేచి, స్టీరింగ్ మీదుగా జాన్ వెళ్ళిన కిటికీలోంచే బయటికి వచ్చింది. బురదలో నడుం దాకా ఉన్న చక్రి ఆమెను చూసి తాడు వదిలేసి చెయ్యి అందించాడు.

అవతల పీతలు పడుతున్న ఆడవాళ్ళు పరుగున వచ్చారు. వాళ్ళలో శౌరమ్మ అనే పెద్దావిడ ఆమెను తన గుడిసెకు తీసుకుపోయి, కాళ్ళు కడిగించి, తన చీర ఇచ్చింది. పేరు అడిగింది తప్ప ఇంకేమీ అడగలేదు. గుమ్మంలో కూర్చుని జెస్సికా ఆ ప్రయాణంలో మొదటిసారి గాజు అడ్డం లేకుండా బయటికి చూసింది. నీళ్ళు బండి కప్పు దాకా వచ్చాయి. జాన్ వచ్చి ఎదురుగా నిలబడి, బండి పోయిందన్నాడు. కాసేపాగి, దెబ్బేమన్నా తగిలిందా అన్నాడు. ఆమె మోకాలు చూపించింది.

మర్నాడు ట్రాక్టర్లు పెట్టి బండిని లాగారు. వాళ్ళిద్దరూ బస్సులో విజయవాడ చేరారు. దారిపొడుగునా జాన్ ఇంజను గురించే మాట్లాడాడు, ఆమె విన్నది.

ఆ వారంలోనే జయంత్ ఫోన్ చేశాడు. జాన్ ఆమె గది గుమ్మంలో నిలబడి ఆ సంగతి చెప్పాడు. ఆరోజు జాన్ కెమెరా తెరమీద చూపిస్తే జయంత్ ఫోన్‌తో తీసి పంపిన ఒక ఫోటో కంపెనీవాళ్ళకు తెగ నచ్చిందట. మునిగిన బండి, అద్దం వెనక ఆమె ముఖం. చాలా సహజంగా ఉందన్నారట. కాకపోతే ఒక్కటే కోరిక.

"నీ మొహంలో భయం కనిపిస్తోందంట. కొంచెం తగ్గించి, వీలైతే నవ్వు పెట్టగలవా అని అడుగుతున్నారు. నీకు పది నిమిషాల పని."

జెస్సికా కుర్చీలోంచి లేచింది. "నువ్వు కూర్చో."

"నాకేం వచ్చు?"

"చెప్తా. కూర్చో."

కార్డు పెట్టించింది. రెండు డ్రైవుల్లోకి ఎక్కించమంది. ఒకేలా ఉన్నవి ఏరాలి, కాబట్టి మొదటి నుంచీ ఒక్కొక్కటే తిప్పమంది. జాన్ తిప్పాడు. తర్వాత ఎంచుకున్నదాన్ని పెద్దది చెయ్యాలని, ముఖం సరిచేసేటప్పుడు కళ్ళు స్క్రీన్ నిండా రావాలని చెప్పింది. అతను పెద్దది చేశాడు. కళ్ళ చుట్టూ ముడతల మీద బ్రష్ ఎలా నడపాలో చెప్పింది, గొంతు మామూలుగానే ఉంది. జాన్ చెయ్యి మౌస్ మీద ఉంది కానీ కదల్లేదు. కాసేపటికి పక్క ఫోటోకు వెళ్ళాడు. దాని పక్కదానికి. మళ్ళీ వెనక్కి. వరసగా తీసిన ఫోటోల్లో ఆమె పెదవులు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. అతను వాటిని మళ్ళీ మళ్ళీ తిప్పాడు.

"నన్ను పిలిచావా?"

"పిలిచాను."

"ఇంజన్ల మోతలో వినపళ్ళేదు జెస్సీ."

"వినపడకపోవచ్చు. కళ్ళు నా మీదే ఉన్నాయిగా."

జాన్ లేచి వరండాలోకి పోయి జయంత్‌కు ఫోన్ చేశాడు. ఆ ఫోటో రాదండీ అన్నాడు. అవతల చాలాసేపు మాటలు వినిపించాయి. రాదండీ అని మళ్ళీ అన్నాడు. తిరిగొచ్చి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. ఇక మీదట ఆ కార్డులు తను ముట్టుకోనని జెస్సికా చెప్పింది. సరేనన్నాడు.

అక్కడితో అయిపోయిందనే అనుకుంది. కానీ ఆరోజు గట్టు మీద ఫోన్లు చాలా ఉన్నాయి. ఈస్టరు ముందు మట్టల ఆదివారం చర్చి నుంచి ఆటోలో ఒక్కతే వస్తూ మార్తమ్మ దారిలో ఏదో చూసి, ఇంటికి రాగానే కోడలిని దగ్గరికి పిలిచి బుగ్గలు నిమిరింది. జయంత్ దుకాణం మీద కట్టిన పెద్ద బోర్డులో జెస్సికా ఉందట. బండి కిటికీలోంచి చూస్తూ పకపకా నవ్వుతోందట.

జెస్సికా స్కూటరు తీసి వెళ్ళింది. దుకాణం మూసి ఉంది. రోడ్డుకు ఇవతల నిలబడి చూసింది. ఎవరో ఫోన్‌లో తీసినదే. కళ్ళు తనవే, కొద్దిగా చిన్నవి చేశారు. ఆ పళ్ళు మాత్రం తనవి కావు. పని బాగానే చేశారు; తెలియనివాళ్ళు అతుకు కనిపెట్టలేరు. ఎదురుగా అరటిపళ్ళ బండి అతను బోర్డునూ ఆమెనూ మార్చి మార్చి చూసి, మీరేనా అమ్మా అని అడిగాడు. కాదని చెప్పి స్కూటరు తిప్పింది.

ఇంటికి వచ్చేసరికి జాన్ వరండాలో ఉన్నాడు. మార్తమ్మ కొడుక్కి అదే సంగతి చెబుతోంది. "ఇంట్లో నోరు తెరిచి నవ్వదు గానీ, అక్కడ ఎంత కళగా నవ్విందిరా. నీతో పాటు తీసికెళ్తుండు అప్పుడప్పుడు."

జాన్ తలెత్తి జెస్సికాను చూశాడు. ఆమె లోపలికి వెళ్ళి నీళ్ళు తాగింది.

"అది నవ్వు కాదమ్మా" అన్నాడు జాన్.

మార్తమ్మకు అర్థం కాలేదు. అతను కుర్చీ తల్లి దగ్గరికి జరుపుకుని, బండి ఎక్కడ దిగబడిందో, సామాను ఎటు పడిందో, నీళ్ళు ఎలా వచ్చాయో, అప్పుడు తను ఎక్కడ కూర్చుని ఏం చేస్తున్నాడో ఒక్కొక్కటే చెప్పసాగాడు. ఆమె మధ్యలో ప్రభువా అంది ఒకసారి. జెస్సికా వంటింటి గడప దగ్గర గ్లాసు పట్టుకుని నిలబడి అంతా విన్నది. ఒకచోట అతను తడబడితే, "ఎడమ పక్క" అని లోపలి నుంచే సరిచేసింది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ ఆటోనగర్ వెళ్ళారు. జయంత్ ముందు నవ్వి, తర్వాత చిరాకుపడి, చెల్లెమ్మ పేరు ఊరంతా తెలిస్తే తప్పేంటన్నాడు. జెస్సికా అతని వంక చూస్తూ, దించేదాకా ఇక్కడే ఉంటానని ఒక్క మాట చెప్పి, దుకాణం ముందు టైరు మీద కూర్చుంది. జాన్ పక్కన నిలబడ్డాడు. వచ్చేపోయేవాళ్ళు బోర్డునూ ఆమెనూ చూస్తున్నారు. ఎండ ఎక్కుతోంది. మధ్యాహ్నానికి జయంత్ నిచ్చెన తెప్పించాడు.