సౌండ్ లేని కార్టూన్

పింటూకు ఒళ్లు మండిపోయింది. చిన్నప్పుడు ప్రాణం పెట్టి చూసిన జపాన్ కార్టూన్ మళ్లీ వస్తోందని, సైదాబాద్‌లో ఉండే అక్క స్వీటీని పనిగట్టుకుని బహదూర్‌పురాకు పిలిపించుకున్నాడు. తీరా టీవీ పెడితే, కత్తి పట్టాల్సిన హీరో రాక్షసుడి ముందు మోకాళ్ల మీద కూర్చుని ప్రాణభిక్ష అడుగుతున్నాడు.

"ఏందక్కా ఇది? మొత్తం ఖరాబ్ చేసిండ్రు! గీడ వాడు 'మా గల్లీలకొస్తే బొక్కలిరగ్గొడ్త బిడ్డా' అంటడు. నాకు మంచిగ యాదికున్నది. ఈ డబ్బింగోళ్లను చెప్పుతోని కొట్టాలె!"

స్వీటీకి నవ్వాగలేదు. "వాడెప్పుడన్నడురా? మనింట్ల టీవీకి సౌండ్ ఎక్కడిది?"

వాళ్లది పాల వ్యాపారం. చీకటితో లేచి బర్రెలు పితికే బాపు మధ్యాహ్నం పడుకునేవాడు. ఆయన లేచేదాకా టీవీలో చప్పుడు రాకూడదు. అందుకే అక్క పక్కన కూర్చుని, ప్రతి మాటా తమ్ముడి చెవిలో చెప్పేది. టీవీలో బొమ్మల పెదాల కదలిక చూసి ఆమె చెబుతోందనే ఇన్నేళ్లూ నమ్మాడు పింటూ.

"అంటే అన్నీ నువ్వే కల్పించినవా? గిట్ల మోసం చేస్తవా?"

"మరేం చెయ్యాలె? వాడు ఏడిస్తే నువ్వేడుస్తుంటివి. నువ్వేడిస్తే బాపు లేస్తుండె."

పింటూ రిమోట్ లాక్కుని సౌండ్ తీసేశాడు. కోపం మాత్రం తగ్గలేదు.

"అయితే ఇప్పుడు చెప్పు. వాడు మోకాళ్ల మీద ఎందుకు కూసున్నడు?"

స్వీటీ అతని చెవి దగ్గరికి వంగి, బాపు ఇంకా పక్కగదిలో పడుకున్నట్టే గుసగుసగా చెప్పింది.

"కత్తి కిందపడ్డదిరా. తీసుకుంటుండు."