ఐదు నిమిషాల వార్మప్

కొత్తగా కెనడా వచ్చినవాళ్ళకి ఇంగ్లీషు నేర్పే కొలీన్ ఫ్రీసెన్ క్లాసులో వార్మప్ అంటే ఐదు నిమిషాలు. అది కాగితం మీద. పెద్దవాళ్ళ నోళ్ళు కాస్త కదలాలని పాఠానికి ముందు పెట్టే ఆ చిన్న ఆట ఆవిడ చేతిలో పడితే కొండవీటి చాంతాడే. నిన్నటికి నిన్న, సూపు భోజనం కిందికొస్తుందా రాదా అని మొదలెడితే, అరడజను దేశాల జనం మధ్యాహ్నం దాకా అరుచుకుని కూడా తేల్చలేకపోయారు. పాఠం ఊసు ఎవరికీ గుర్తు రాలేదు.

"విన్నిపెగ్ చలిలో కార్లకే రాత్రంతా కరెంటు వైరు తగిలించి వేడెక్కిస్తాం. మనుషుల నాలుకలకి అక్కర్లేదా?" అని ఆవిడ వాదన. వాదన బాగానే ఉంది గానీ, కొత్తగా వచ్చిన పైఅధికారి బ్రెంట్ థోర్లాక్సన్‌కి చెవులకన్నా గడియారం మీద నమ్మకం ఎక్కువ. పిలిచి మొహమాటం లేకుండా చెప్పేశాడు.

"మంగళవారం వచ్చి వెనక కూర్చుంటాను. ఐదు నిమిషాలు దాటడం మీకు అలవాటని తేలితే, వసంతంలో మీ క్లాసుని పక్క క్లాసులో కలిపేస్తాం. మీ కాంట్రాక్టు అక్కడితో సరి."

ఆ ఉద్యోగం తప్ప కొలీన్‌కి ఇంకో పని రాదు, వచ్చినా చెయ్యాలని లేదు. అందుకే బాగా ఆలోచించి అన్నిట్లోకీ పొట్టి ఆట ఎంచుకుంది. ఎవరి గురించి వాళ్ళు మూడు మాటలు చెప్పాలి. రెండు నిజాలు, ఒకటి అబద్ధం. అబద్ధమేదో మిగతావాళ్ళు కనిపెట్టాలి. చిన్నపిల్లలు కూడా చిటికెలో ఆడేస్తారు.

మంగళవారం బ్రెంట్ నల్లకోటు వేసుకుని, ఒళ్ళో ఫైలు పెట్టుకుని, పెన్ను తీసి వెనక కూర్చున్నాడు. కొలీన్ ఆట వివరించింది. రోజూ సంతలా ఉండే క్లాసు వెనక్కి తిరిగి ఆ నల్లకోటుని చూసింది.

"అబద్ధమా?" అంది హలీనా. ఉక్రెయిన్‌లో లెక్కలు చెప్పి వచ్చిన మనిషి, ముక్కుసూటి. "ఇక్కడా? ఆయన ముందా?"

"ఆటే కదా హలీనా! సరదాకి."

వంటవాడు విల్మర్ లేచాడు. కొలంబియా నుంచి వచ్చిన దగ్గర్నుంచీ అతని నోటికి తాళం పడ్డ రోజు లేదు. అలాంటివాడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నా పేరు విల్మర్. నేను పుట్టింది కాలీలో. నాకు ఇద్దరు కూతుళ్ళు."

"బావుంది. ఇందులో అబద్ధమేది?"

"ఒక్కటీ లేదు టీచరమ్మా. కావాలంటే కాగితాలు చూపిస్తా." అంటూనే కోటు లోపల్నించి ప్లాస్టిక్ కవరు లాగి, తిన్నగా వెళ్ళి బ్రెంట్ చేతిలో పెట్టాడు.

అది చూసి హలీనా కూడా సంచీ తెరిచింది. ఆవిణ్ణి చూసి వెనక వరస తెరిచింది. కాసేపట్లో బ్రెంట్ ఒళ్ళో పుట్టిన సర్టిఫికెట్లు, ఒక పెళ్ళి సర్టిఫికెట్టు, ఎవరిదో టీకాల కార్డు పోగుపడ్డాయి. వాటి కింద ఆయన ఫైలు ఎక్కడుందో ఆయనకే కనపడలేదు. ఐదు నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి.

అప్పుడు క్లాసులో అందరికన్నా పెద్దది, ఎరిత్రియా నుంచి వచ్చిన లెతెబ్రాన్ గొంతు విప్పింది. ఆవిణ్ణి అందరూ లెతె పెద్దమ్మ అంటారు.

"కింద అంతస్తులో మా ఇమిగ్రేషన్ కాగితాలు చూసే వకీలు ఏం చెప్పాడమ్మా మాకు? ఈ దేశంలో ఆఫీసరు ముందు ఒక్క మాట తేడా రాకూడదన్నాడు. ఇక్కడ ఉండనివ్వాలో లేదో తేల్చే హియరింగులో తారీఖు తప్పు చెప్పి మా చెల్లెలి కొడుకు ఏడాది ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఇప్పుడు నువ్వు ఆఫీసర్ని కూర్చోబెట్టి అబద్ధమాడమంటావేంటి? పైగా పాపం కూడాను."

కొలీన్ నుదురు కొట్టుకుంది. "ఆయన ఇమిగ్రేషన్ ఆఫీసరు కాదు పెద్దమ్మా! మా పైఅధికారి. మీకోసం రాలేదు, నాకోసం వచ్చాడు. ఈ ఆటలతో టైము తగలేస్తున్నానో లేదో చూసి, నన్ను ఉంచాలో తీసెయ్యాలో తేల్చడానికి."

పెద్దమ్మ ఆవిణ్ణి చూసింది, బ్రెంట్‌ని చూసింది, తలాడించింది.

"ఓహో. అయితే ఈరోజు హియరింగు నీదన్నమాట."

కాగితాలన్నీ చప్పుడు లేకుండా సంచుల్లోకి వెళ్ళిపోయాయి. బ్రెంట్ గొంతు సవరించుకున్నాడు. "క్లాసుని ఒక్క మాట అడుగుతాను. ఈ వార్మప్ రోజూ ఇంతసేపు సాగుతుందా?"

కొలీన్ కళ్ళు మూసుకుంది. ఆటకి కూడా అబద్ధమాడనివాళ్ళు. ఇక సూపు గొడవతో సహా పూసగుచ్చినట్టు చెప్పేస్తారు, తన పని సరి అనుకుంది.

పెద్దమ్మ లేచి, తెల్ల శాలువా సర్దుకుని, గుండె మీద చెయ్యి పెట్టుకుంది. "ఈ అమ్మాయి మంచి టీచరు. నాకు మాట్లాడ్డం వచ్చింది ఈమె దగ్గరే. ఆట రోజూ ఐదు నిమిషాలే."

"నాలుగు," అంది హలీనా, తల తిప్పకుండా.

"ఒక్కోరోజు అసలుండదు సార్," అన్నాడు విల్మర్. "మేమే పెట్టమని బతిమాలతాం."

బ్రెంట్ అందరి మొహాలూ చూశాడు. అన్నీ ఇందాక సర్టిఫికెట్లు చూపించిన మొహాలే. ఇంత నిజాయితీపరుల్ని ఆయన జన్మలో చూసి ఉండడు. "అయితే ఈరోజొక్కటే ఇలా అయిందన్నమాట. క్లాసు కలపాల్సిన పనేం లేదు," అని ఫైలు మూసి వెళ్ళిపోయాడు.

తలుపు మూసుకోగానే కొలీన్ కుర్చీలో కూలబడింది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "పెద్దమ్మా, పాపమన్నావు కదా!"

"రెండు నిజాలు, ఒకటి అబద్ధం. నువ్వడిగిందే చెప్పాను," అంది పెద్దమ్మ కూర్చుంటూ. "ఆ ఒక్కదాని సంగతి ఆదివారం దేవుడితో నేను మాట్లాడుకుంటాలే. నువ్వు పాఠం చెప్పు, ఒక్కరోజైనా."