వీపు మీది పసివాళ్ళ లెక్క

మూడోసారి కొలిచినా తలుపు నూట ఇరవై సెంటీమీటర్లే, బయటికే తెరుచుకుంటోంది, రెండోదీ అంతే, మంటలొస్తే ఈ రెండింట్లోంచీ నాలుగు వందల ఎనభై మంది వెళ్ళిపోవచ్చు, తప్పు దొరకలేదని నాకెందుకింత చిరాకు, ఈ ప్రార్థన హాల్లోనే కదా నా భార్య పొమా రక్తపోటు మాత్రలు మానేసింది, విశ్వాసం ఉన్నవాళ్ళకి మందులెందుకమ్మా అన్నాడు పాస్టర్, నాలుగు నెలల్లో పోయింది, ఆ పాస్టరే ఇప్పుడు హాలుకి అనుమతి కావాలని మా సున్యాని పట్టణ పురపాలక కార్యాలయంలో అర్జీ పెట్టాడు, ఎంతమంది పడతారో లెక్కగట్టి సంతకం చేయాల్సినవాణ్ణి నేను, వెనకాల తాళాల గుత్తి ఆడిస్తూ ఆడవాళ్ళ సంఘం పెద్ద అఫ్రియే, ఏం బావా, తలుపు కొలుస్తున్నావా, పాస్టర్‌గారి మెడ కొలుస్తున్నావా అంటోంది, పొమా స్నేహితురాలు కనక ఆ చనువు, ఆ నోరు.

వేదిక పోను నేల రెండు వందల నలభై చదరపు మీటర్లు, విడి కుర్చీలు, మనిషికి 0.65 చదరపు మీటర్ల చొప్పున మూడు వందల అరవై తొమ్మిది మంది, పల్లెబడిలో పలక మీద నేర్చిన భాగహారం, తప్పదు, వాళ్ళ హాజరు పుస్తకంలో పోయిన ఆదివారం మూడు వందల నలభై గీతలు, అయితే సంతకం పెట్టేయాల్సిందే, కానీ ఆ ఆదివారం గుమ్మం దగ్గర నిలబడి నేనూ లెక్కపెట్టాను, తల్లుల వీపున గుడ్డతో కట్టిన పసివాళ్ళు అరవై ఒక్కరు, ఒక్కరికీ గీత లేదు, అదేమిటని అడిగితే అఫ్రియే నవ్వుతోంది, వీపు మీదున్నంతసేపూ వాడు తల్లిలో ముక్కే బావా, దిగి నడిచాక గీస్తాం, మంటలొస్తే వాడు విడిగా పరిగెడతాడా ఏంటి, తల్లితోనే పోతాడు, పిల్లలు లేనివాడివి నీకేం తెలుస్తుంది.

వాళ్ళనీ కలిపితే నాలుగు వందల ఒకటి, ముప్ఫై రెండు ఎక్కువ, ఈ అంకె టేపులోంచి వచ్చిందా నా కడుపుమంటలోంచి వచ్చిందా, ఊరంతా కక్ష అంటుంది, అననీ, కానీ అఫ్రియే మాటలో నిజముంటే, తల్లీబిడ్డా ఒక్క మనిషంత చోటులోనే పోగలిగితే, పోలేరు, చూశాను, మా వాడలో వంటపాక అంటుకున్నప్పుడు పొమా వీపున పక్కింటి పసిది ఉంది, ఎవరి పిల్లలనైనా కట్టుకు తిరిగేది, పొగ రాగానే అందరూ పరిగెత్తారు, తను మాత్రం ఆగి ముడి విప్పి పిల్లని ముందుకి తిప్పుకుని రెండు చేతులా పొదువుకుంది, మోచేతులు రెండు పక్కలకీ పొడుచుకొచ్చి గుమ్మంలో ఇరుక్కుంది, వెనకాల ముగ్గురు ఆగిపోయారు, నేనే లాగాను, ఇక్కడ అలాంటివాళ్ళు అరవై ఒక్కమంది, లాగడానికి ఎవడుంటాడు.

పసివాళ్ళతో కలిపి మూడు వందల అరవై తొమ్మిది, ఒక్కరు పెరిగినా హాలు మూత, అని రాస్తున్నాను, అఫ్రియే తొంగిచూసి, చచ్చిపోయినదాని మీద ప్రేమతో మా మీద పగ తీర్చుకుంటున్నావు బావా అంది, పగ ఉంది, పాస్టర్‌ని ఈ జన్మకి క్షమించను, కానీ వీళ్ళని ప్రేమించినా ఇదే అంకె వేసేవాణ్ణి, ప్రేమించడం లేదు, అంతే.