ఫర్నేసు మూత

కోడలి పీహెచ్‌డీ పరిశోధనకు ఆరో ఏడు నడుస్తోంది. ఆమెకు కావలసిందల్లా ఒకటే: బఠాణీ గింజంత స్ఫటికం, ఒకే ముక్కగా. లోహపు ఆక్సైడు పొడిని ఉప్పులో కలిపి, ప్లాటినం గిన్నెలో వెయ్యి డిగ్రీల దాకా కాచి, గంటకు ఒక్క డిగ్రీ చొప్పున మూడు వారాలు చల్లార్చాలి. ఆనక గడ్డకట్టిన ఉప్పును వేడినీళ్ళలో కరిగిస్తే స్ఫటికం మిగలాలి. ఇప్పటికి మూడుసార్లూ మిగిలింది పంచదార పలుకుల్లాంటి ముక్కలే!

ల్యాబులో ఆ గిన్నెను కాచే ఫర్నేసు చూసే ఉద్యోగి స్వయానా ఆమె మామగారు. ఇంట్లో పాలు పొంగిపోతున్నా కన్నెత్తి చూడడు గానీ, ఇక్కడ ఫర్నేసును చంటిబిడ్డలా కనిపెట్టుకుని ఉంటాడు.

నాలుగోసారి ఉప్పు కరగగానే కోడలు కెవ్వుమంది. గోలీకాయంత స్ఫటికం, ఎక్కడా పగులు లేదు! ప్రొఫెసరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుంది. ఇంకొకటి తియ్యమ్మా. రెండోది రాకపోతే డిగ్రీ లేదు" అన్నాడు. ఆయన మెచ్చుకోలు మండ!

రెండోది రావాలంటే మొదటిది ఎలా వచ్చిందో తెలియాలి కదా. ఉష్ణోగ్రత గీసే చార్టు కాగితం విప్పి చూస్తే, తొమ్మిదో రోజు దగ్గర జానెడు ముక్క లేదు. ఎవరో చించేశారు. ఆ గది తాళాలు ఇద్దరి దగ్గరే ఉంటాయి. ఆమె చించలేదు.

బయటివాడైతే కాలరు పట్టుకునేది. మామగారాయె! రెండు రోజులు మింగలేక కక్కలేక తిరిగి, మూడో రోజు టీ గ్లాసు చేతికిచ్చి అడిగేసింది.

"మామయ్యా, తొమ్మిదో రోజు మూత తీశారా?"

"నేనా? ఛ ఛ!"

"చార్టు ముక్క ఏది?"

మామగారు గ్లాసులోకి చూస్తూ టీ ఊదుకున్నాడు.

"మీరు చెప్పకపోతే నా ఆరేళ్ళూ గంగపాలే మామయ్యా."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "అది ఫర్నేసులోనే వేసేశాను. మూత రెండు నిమిషాలు తీశానంతే. నలభై డిగ్రీలు పడిపోయింది. కంగారులో వేడి మరీ పెంచేశాను. మళ్ళీ దారికి వచ్చేసరికి గంట పట్టింది."

కోడలి బుర్ర చకచకా పనిచేసింది. చల్లబడినప్పుడు పుట్టిన పలుకులన్నీ ఆ వేడికి కరిగిపోయి, మొండిది ఒక్కటే మిగిలి, ఉప్పులో కరిగిన పొడినంతా అదే మేసిందన్నమాట! గబగబా నోటుబుక్కు తీసింది.

"లోపల ఏం కనిపించింది?"

"నా మొహం! కనుబొమ్మలు కాలాయి."

"మరి ఎందుకు తీశారు?"

"ఈసారీ పలుకులే అయితే నీకు ముందే మెల్లగా చెబుదామని. పోయినసారి ఆ గిన్నె ముందు కూర్చుని ఎలా ఏడ్చావో చూశానమ్మా. మళ్ళీ చూడలేను."

కోడలు దాచిపెట్టుకున్న తిట్లన్నీ ఎటు పోయాయో పోయాయి.

"అదీ రాస్తున్నావా?" అన్నాడాయన బెదురుగా.

"అది రాయన్లెండి," అంటూ కళ్ళు తుడుచుకుంది. "ఎన్ని డిగ్రీలు పెంచారో మాత్రం సరిగ్గా గుర్తు తెచ్చుకోండి."