పావుగంట గడువు

డొరీన్ పొద్దుటి గిన్నెలు కడుగుతుంటే, బల్ల దగ్గర నుంచి లేవకుండానే అన్నాడు మొగుడు వెండెల్: "రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగం. ఇంట్లో కాస్త నిలబడితే అరిగిపోతావా?" ఇరవై రెండేళ్లుగా వింటున్న మాటే. పళ్లెం సింకులో పడేసి, కోటు తొడుక్కుని, డులూత్ ఊరి మంచులోకి కారు తీసి ఆఫీసుకి బయల్దేరింది.

ఆఫీసులో ఆమె చేతిలో ఉన్న పని ఒక వెబ్‌సైటు: పిల్లల్ని డేకేర్‌లో పెట్టే తల్లులు ఫీజుకి సర్కారు సాయం కోరేది. కౌంటీ, అంటే జిల్లా సర్కారు, వాళ్ల కోసం డొరీన్ కంపెనీ తయారుచేస్తోంది. లాగిన్ అయిన మనిషిని సర్వర్ గుర్తుంచుకునే వ్యవహారం, సెషన్, ఆమె రాసిన జావా కోడే. పావుగంటసేపు అవతలి నుంచి ఏ పేజీ రాకపోతే సర్వర్ ఆ మనిషిని మరిచిపోతుంది. పంపని పేజీతో పాటు అంతకుముందు నింపినవీ పోతాయి. నిన్న సర్వర్ రాసిపెట్టుకునే చిట్టాలు తిరగేస్తే ఒకావిడ పదకొండుసార్లు మొదలుపెట్టినట్టు కనిపించింది. ప్రతిసారీ పిల్లల వివరాల దగ్గరే ఆగింది. ఎందుకో డొరీన్‌కి ఒకరు చెప్పక్కర్లేదు. టీకాల కార్డు కోసం లేచి ఉంటుంది, ఈలోగా చంటిది ఏడ్చి ఉంటుంది. తన పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు తను పావుగంట కుదురుగా ఉన్నది ప్రసవానికి ఆసుపత్రిలో చేరినప్పుడే.

"గడువు భద్రత కోసం పెట్టింది, మార్చం," అన్నాడు మేనేజరు క్లిఫర్డ్, ఆమె ఆ సంగతి ఎత్తగానే.

"మార్చొద్దు. నింపినది నింపినట్టే డేటాబేసులో దాచేద్దాం. మళ్లీ లాగిన్ అయితే ఆగినచోట నుంచే మొదలవుతుంది. రెండు రోజుల పని."

"పావుగంటలో ఒక ఫారం నింపలేనివాళ్లు పిల్లల్నెందుకు కన్నారట? అంత జాలిగా ఉంటే శనివారం వచ్చి ఊరికే చేసిపెట్టు. ఎప్పుడూ చేసేదేగా!"

పక్క కుర్చీలవాళ్లు నవ్వారు. ఎప్పుడూ ఊరికే చేసిపెడుతుందన్న మాట అబద్ధం కాకపోవడమే ఆమెను ఎక్కువ కోసింది.

పదింటికి కౌంటీ అధికారిణి యూనిస్ సైటు చూడ్డానికి వచ్చింది. డొరీన్ కీబోర్డు క్లిఫర్డ్ ముందుకు జరిపింది. "నువ్వే నింపు. మీ పిల్లల వివరాలే పెట్టు, ఆవిడకి బాగా అర్థమవుతుంది."

పేర్లు చకచకా పడ్డాయి. చిన్నవాడి పుట్టినరోజు దగ్గర వేళ్లు ఆగాయి. తర్వాత డాక్టరు పేరు. తర్వాత టీకాల తేదీలు. నవ్వుతూ పెళ్లానికి ఫోన్ చేశాడు.

"మూడేళ్లుగా ఆ డాక్టరు దగ్గరికే పోతున్నాంగా, ఇప్పుడా అడిగేది?" ఆవిడ గొంతు గదంతా వినిపించింది. "ఉండు, వీడికి డైపరు మారుస్తున్నా."

అందరూ ఎదురుచూశారు. పన్నెండు నిమిషాలు. పద్నాలుగు. "ఈ పేజీ ఒకసారి పంపు" అని డొరీన్ అంటే చాలు, అంతా నిలిచేది. ఏళ్ల తరబడి అతని తప్పులు అతని కంటపడకముందే సర్దిపెట్టిన మనిషి. ఇవాళ పెదవి విప్పలేదు.

పదహారో నిమిషంలో ఆఖరి తేదీ కొట్టి, పంపే బటన్ నొక్కాడు క్లిఫర్డ్. లాగిన్ పేజీ వచ్చింది.

"ఇంతసేపూ నేను నింపిందేదీ?"

"ఇది సరయ్యేదాకా సైటు తీసుకుంటున్నామని నేను సంతకం పెట్టను," అని యూనిస్ లేచింది.

వరండాలో క్లిఫర్డ్ మొహం కందగడ్డలా ఉంది. "కావాలనే చేశావు! శనివారం వచ్చి ఏడువు, పూర్తయ్యేదాకా కదలకు."

"కావాలనే చేశాను," అంది డొరీన్. "సోమవారం మొదలుపెడతా. జీతమిచ్చే వేళల్లో."

ఆ శనివారం ఆమె తనకోసమే ఉంచుకుంది: ఆఫీసుకీ వెళ్లలేదు, గిన్నెలు కడుగుతూ ఇంట్లోనూ లేదు.