గుమ్మడికాయకి స్కానింగు

రామవరప్పాడు రింగు దగ్గర కారు ఒక్క కుదుపు కుదపగానే వెనక సీట్లోని డబ్బా బోర్లా పడింది. కీర్తన బండి పక్కకి ఆపి చూసేసరికి జెల్లీ అంతా ముద్దలు ముద్దలుగా సీటు కిందికి జారిపోయింది. మనిషి కాలేయంలా మెత్తగా ఉండాలని ఎంతో ఓపిగ్గా కాచి పోసుకున్న జెల్లీ అది.

కీర్తన గన్నవరం దగ్గర ఒక చిన్న కంపెనీలో ఇంజినీరు. తన టీముతో కలిసి నూకగింజంత చిప్పు ఒకటి తయారుచేసింది. ఎమ్మారై మిషన్లో పడుకోబెట్టిన మనిషికి సూది గుచ్చాల్సి వస్తే, తెర మీద ఆ సూది నల్లటి మరకలా కనబడుతుంది తప్ప మొన సరిగ్గా ఎక్కడుందో తెలియదు. ఈ చిప్పును మొనకి అమరిస్తే, చుట్టూ ఒంట్లో ఉన్న నీటి నుంచి వచ్చే సన్నటి సంకేతాన్ని పట్టుకుని తానెక్కడున్నదీ చెబుతుంది. తెర మీద అది పచ్చటి చుక్కగా కనబడుతుంది. ల్యాబులో బాగానే చెప్పింది. అసలు మిషన్లో, మనిషికి బదులు ఆ జెల్లీలో సూది గుచ్చి చూడటం ఇదే మొదటిసారి. విజయవాడలో తాను పనిచేసే ఆస్పత్రిలో ఆదివారం మధ్యాహ్నం మిషన్ ఖాళీగా ఉంటుందని డాక్టర్ జయపాల్ గారే రమ్మన్నారు.

ఆయనకి ఫోన్ చేసి, "సార్, జెల్లీ నేలపాలైందండీ" అంది ఏడుపు గొంతుతో.

"దానికేంటమ్మా, నీళ్ళుండే కాయో పండో పట్రా. ఈ పూట వదులుకుంటే మిషన్ మళ్ళీ ఎప్పటికి దొరుకుతుందో ఏమో."

రోడ్డు పక్కన బూడిద గుమ్మడికాయలు గుట్టగా పోసి ఉన్నాయి. లోపల తెల్లటి గుజ్జు, నిండా నీళ్ళు. నున్నటిది ఒకటి చూసి తీసుకుంది.

ఆ కాయని చంకనెత్తుకుని వస్తున్న కీర్తనని చూసి టెక్నీషియన్ చక్రి లేచి నిలబడ్డాడు. "మిషనుకి దిష్టి మొన్న దసరాకే తీశామండీ."

"దిష్టికి కాదు, స్కానింగుకి."

చక్రి కాసేపు కాయనీ ఆమెనీ మార్చి మార్చి చూసి, కంప్యూటర్లో పేషెంటు పేరు దగ్గర 'గుమ్మడి' అని కొట్టాడు.

కాయకి చిన్న కంతలు పెట్టి, తెర మీద తెల్లగా కనబడే చేపనూనె గొట్టం మాత్రలు రెండు లోపలికి నెట్టి మూసేశారు. వాటిలో ఒకదాన్ని జయపాల్ గారు తెర మాత్రమే చూస్తూ, చిప్పు అమర్చిన సూదితో అందుకోవాలి. ఆయన మిషన్ గదిలో ఉంటే, కీర్తనా చక్రీ అద్దం ఇవతలి గదిలో కంప్యూటర్ ముందు కూర్చున్నారు. మిషన్ డబడబా మోగింది. తెర మీద గింజలతో సహా కాయ చక్కగా కనబడింది. పచ్చటి చుక్కా వచ్చింది. కానీ సూదికి ఆమడ దూరంలో, కాయకి రెండో పక్కన.

మిషన్ హోరులో పడి చిప్పు పిచ్చి లెక్కలు చెబుతోందనుకుంది కీర్తన.

"ఆపేద్దామా అమ్మా?" అన్నారు జయపాల్ గారు మైకులో, మెత్తగా.

"ఒక్కసారి సూదిని కుడివైపుకి జరపండి సార్."

ఆయన కుడికి జరిపితే చుక్క ఎడమకి జరిగింది. లోపలికి నెడితే అదీ అంతే మేరకి కదిలింది. అద్దంలో చూసినట్టుంది. పిచ్చి లెక్కలైతే ఇంత బుద్ధిగా కదలవు. కీర్తన ఠక్కున చక్రి వైపు తిరిగింది.

"పేషెంటు ఎటు తల పెట్టి పడుకున్నట్టు కంప్యూటర్లో కొట్టారండీ?"

"కాళ్ళు ముందు లోపలికెళ్ళినట్టు పెట్టానండీ. తొడిమ బయటికి ఉంది కదా, అదే తల అనుకున్నాను."

ఆమె ప్రోగ్రామేమో తల ముందు వెళ్ళిందనుకుని లెక్క కడుతోంది. గుమ్మడికాయకి తల ఎటో తనూ చెప్పలేదు, అతనూ అడగలేదు. ఇద్దరికీ నవ్వు ఆగలేదు. నవ్వుతూనే ప్రోగ్రాములో ఆ ఒక్క ముక్కా మార్చింది. చుక్క వెళ్ళి సూది మొన మీద పిచ్చుకలా వాలింది.

ఆ తర్వాత జయపాల్ గారికి అదంతా నల్లేరు మీద బండి నడక. చుక్కని గొట్టం దాకా నడిపించి, సూదిలోంచి నీలిరంగు కొద్దిగా వదిలారు. తర్వాత తలుపు తీసి, "ఇప్పుడు నువ్వు రామ్మా" అన్నారు.

"నేనా? నేనెప్పుడూ ఎవరికీ సూది వెయ్యలేదు సార్."

"కాయేగా, అరవదులే."

ఆమె చెయ్యి వణికింది. చుక్క కూడా వణికింది. అది చూస్తూ చూస్తూ ఉంటే చెయ్యే నెమ్మదించింది. చుక్క రెండో గొట్టాన్ని చేరిందనిపించాక రంగు వదిలింది.

బయటి గదిలో చక్రి కాయని కోశాడు. తెల్లటి గుజ్జులో రెండు నీలి మచ్చలు. మొదటిది గొట్టం నడిబొడ్డున, రెండోది రెండో గొట్టం అంచున.

"మొదటిసారికి అంచు తగలడం మాటలు కాదు" అన్నారు జయపాల్ గారు. "మొన్నొక పిల్లకి కాలేయంలో చిన్న గడ్డ. మొన కనబడక సూది తీసి మళ్ళీ మళ్ళీ గుచ్చాను. పాపం నోరెత్తలేదు. ఇలాంటిది చేతిలో ఉంటే ఒక్కసారితో పోయేది. ఇంకా చాలా పరీక్షలు కావాలనుకో. అనుమతులిచ్చే ఆస్పత్రి కమిటీకి నేను చెబుతాను, నువ్వు కాగితాలు సిద్ధం చెయ్యి."

కీర్తన తలూపింది. పొద్దుటినుంచి ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. ముగ్గురూ కలిసి క్యాంటీన్‌కి వెళ్ళారు. ఆమె పెసరట్టు మీద పెసరట్టు చెప్పించుకుని తింటుంటే జయపాల్ గారు అల్లం పచ్చడి గిన్నె ఆమె వైపు జరిపారు.